బోటు అడుగున కన్ను

సుమ్మాదేవి స్టేషన్ దాటాక, పట్టాల పక్క జీడితోటలో ఒక శవం దొరికింది. జేబులో పలాస దాకా కొన్న టికెట్టు, ఒక స్క్రూడ్రైవరు ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడి జారిపడ్డాడని రైల్వేవాళ్లు రాసుకున్నారు. జారిపడకముందే అతని కుడిచేతి వేళ్లు ఎవరు విరిచారో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. అందుకని ఎవరూ రాయలేదు.

పోయినవాడు మెకానిక్. చేపల బోట్లకు ఫిష్ ఫైండర్లు బిగించేవాడు. బుద్ధిగా తన పని తాను చేసుకుంటే ఇంకా బతికుండేవాడే. తనకిచ్చిన పరికరాల్లో ఒకదాన్ని విప్పి చూశాడు, పాపం.

మర్నాడు పలాసలో ఒక జీడిపప్పు గోడౌన్‌లోకి ముప్పై దాటిన మనిషొకడు అడుగుపెట్టాడు. బల్ల వెనక కూర్చున్న బట్టతల పెద్దమనిషి తలెత్తలేదు.

"గుండు కావాలా, బద్ద కావాలా?"

"పొట్టు తీయనిది కావాలి."

"కూర్చో."

కోడ్ సరిపోయింది. వచ్చినవాడు ఉమామహేష్, ఫీల్డ్ ఏజెంట్. బట్టతలాయన మన్మథరావు, అతని చీఫ్. గోడౌన్ నిజమైనదే, అందులో పప్పూ నిజమైనదే. బిల్లులు మాత్రం ఢిల్లీ వెళతాయి.

మన్మథరావు బల్ల మీద అరచేయంత వెడల్పున్న కంచు బిళ్ల ఒకటి పెట్టాడు. దాని వెనక మరలున్న గొట్టం, గొట్టంలోంచి నల్లటి కేబులు. ట్రాన్స్‌డ్యూసర్. బోటు అడుగున బొక్క పెట్టి దీన్ని బిగిస్తారు. నీళ్లలోకి శబ్దం పంపుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వని వింటుంది, పైన తెర మీద చేపల గుంపు చూపిస్తుంది. ఇది మామూలు సరుకు. కడలివెలుగు ఫౌండేషన్ అనే సంస్థ అక్కుపల్లి తీరంలో ఉచితంగా బిగించబోయేది మాత్రం వేరే రకం. అది చేపల్ని వినదు. మన కొత్త సబ్‌మెరైన్ ఈ తీరం ఎదురుగా ట్రయల్స్‌కు దిగుతోంది, దాన్ని వింటుంది. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టినట్టే, చప్పుడును బట్టి సబ్‌మెరైన్‌ను గుర్తుపడతారు. ఒక్కసారి ఆ చప్పుడు దొరికిందంటే ఏ సముద్రంలో దాక్కున్నా దొరికిపోతుంది.

ఈ సంస్థ వెనకున్న దేశాన్ని డిపార్ట్‌మెంటు ఫైళ్లలో ‘పక్కింటాయన’ అంటారు. రికార్డయినదాన్ని అందుకోవడానికి పక్కింటాయన పెద్ద చేపల ఓడ, ట్రాలర్ ఒకటి అంతర్జాతీయ జలాల అంచున కాచుకుని ఉంది. డిపార్ట్‌మెంటుకు కావలసింది ఆ ట్రాలర్. అది మన జలాల్లోకి రావాలంటే బోటు వేటకు వెళ్లాలి, పరికరం పనిచేయాలి.

"వాళ్ల మెకానిక్ పోయాడు. కొత్తవాడు కావాలి. ఆ కొత్తవాడివి నువ్వే. పేరు బాలకృష్ణ. నిన్ను సిఫారసు చేసింది అశ్విని."

అశ్విని పేరు వినగానే ఉమామహేష్ ముఖం చిట్లించాడు. ఆమె ఫౌండేషన్‌కు పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసరు, డిపార్ట్‌మెంటుకు డబుల్ ఏజెంటు. నల్ల కళ్లద్దాలు, నేత చీర, తెల్ల కారు. రెండు వైపులా జీతం తీసుకుంటుంది, రెండు వైపులా అనుమానం మూటగట్టుకుంటుంది. అసలు ఎవరి మనిషో తేల్చుకోలేక డిపార్ట్‌మెంటులో ఇద్దరు ఆఫీసర్లు రిటైరైపోయారు.

"నన్నే ఎందుకు సార్?"

"టెక్కలి దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టావు. అమ్మమ్మగారి ఊరు ఉద్దానం. నీ యాస ఎవడికీ నేర్పలేం." మన్మథరావు కంచు బిళ్లను అతని వైపు తోశాడు. "బాగా బిగించు. బోటు కదలాలి. మిగతాది నేవీ చూసుకుంటుంది."

ల్యాబ్ వాళ్లు రెండు గాడ్జెట్లు ఇచ్చారు. సీలెంటు నొక్కే గన్‌లో దాచిన కెమెరా ఒకటి, చెవిలో పెట్టుకునే రిసీవరు ఒకటి. చెవిది అక్కుపల్లి ఉప్పుగాలికి మొదటిరోజే మూగబోయింది. ల్యాబ్ వాళ్లకు సముద్రమంటే ఫొటోలో చూసిందే.

సముద్రంలో ఏటా పెట్టే వేట నిషేధం ముగింపుకొచ్చిన రోజులు. సరుగుడు తోట నీడలో బోట్లన్నీ ఇసుక మీద బోర్లా, పక్కవాటుగా పడి ఉన్నాయి. అతుకులు వేసేవాళ్లు, రంగులు పూసేవాళ్లు, వలలు బాగుచేసుకునేవాళ్లు. బంగారయ్య ఫైబర్ బోటు కొత్తది. దానికి పసుపురంగు వేసి, ముక్కు మీద రెండు కళ్లు గీయించుకున్నాడు. మెకానిక్ వచ్చాడని వినగానే అతను చేసిన మొదటి పని బోటుకు అడ్డంగా నిలబడడం.

"దేవుడిచ్చిన కళ్లు రెండున్నాయి గదా దానికి. మల్లీ అడుగున కన్నెందుకు? కడుపుకి బొక్కెట్టడమేటి బావా?" అన్నాడు.

ముక్కూముఖం తెలియని మనిషిని బావా అనేశాడు. అక్కడ అంతే. ఆ పిలుపు ఉమామహేష్‌కు చిన్నప్పటి సెలవుల్లో విన్నదే. అమ్మమ్మగారింటికి వచ్చినప్పుడల్లా ఇదే ఒడ్డున బోట్లు లాగడానికి చేయి వేసేవాడు, చేయి వేసినందుకు పిడికెడు చేపలు పట్టుకుని ఇంటికి పోయేవాడు. ఇప్పుడా చేత్తోనే అబద్ధం బిగించడానికి వచ్చాడు.

ఒప్పించడానికి చాలాసేపే పట్టింది. బంగారయ్య భార్య బొడ్డమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. కవ్వళ్ల చేపల పులుసు కలుపుకుంటూ ఉమామహేష్ చేపల గుంపులు తెర మీద ఎలా కనబడతాయో వర్ణించాడు. వెతుకుతూ తిరిగే డీజిలు ఖర్చు తగ్గుతుందన్నాడు. చెప్పినవన్నీ నిజాలే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి దగ్గరికొచ్చేసరికి మంచినీళ్లు తాగాడు.

పని మొదలయ్యేసరికి ఫౌండేషన్ మేనేజర్ ధనుంజయ్ వచ్చి గొడుగు కింద కుర్చీ వేయించుకున్నాడు. టెక్కలిలో భూములున్న కుటుంబం, ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. విదేశీ ముఠాకు ఈ జిల్లాలో కుడిభుజం ఇతనే. మెకానిక్ వేళ్లు విరిచిన మనుషులు ఇతని వెనకే నిలబడి జీడిమామిడి పండ్లు చీకుతున్నారు.

ఉమామహేష్ బోటు పొట్ట తడిమి చోటు చూశాడు. ఇంజను ఫ్యాను తిప్పే బుడగలు తగలని చోట, బోటు వెన్నుకు కొంచెం పక్కగా. లోపల ఫోమ్ లేదు, గట్టి ఫైబరే. ముందు లోపలి నుంచి సన్న బొక్క పొడిచాడు. ఆ గురుతు పట్టుకుని బయటి నుంచి గుండ్రటి రంపం పెట్టాడు. డ్రిల్లు అరుస్తుంటే బంగారయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తెల్లటి పొడి రాలింది, చివరికి గుండ్రటి ఫైబర్ బిళ్ల ఊడి ఇసుకలో పడింది. బొడ్డమ్మ దాన్ని చటుక్కున తీసి కొంగున ముడివేసుకుంది.

అంచులు గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, చుట్టూ సీలెంటు పట్టించాడు. ట్రాన్స్‌డ్యూసర్ చేతిలోకి తీసుకున్నప్పుడు బరువు తేడాగా అనిపించింది. గోడౌన్‌లో చూసినదాని కంటే ఇది బరువు. బ్యాటరీ కాబోలు అనుకున్నాడు. కింద ఏటవాలు సర్దడానికి ప్లాస్టిక్ దిమ్మ ఒకటి పెట్టమని ధనుంజయ్ హుకుం. దిమ్మతో కలిపి బిళ్ల బోటు పొట్ట నుంచి అర జానెడు బయటికి పొడుచుకొచ్చింది. లోపలి నుంచి నట్టు బిగించాడు. మరీ బిగిస్తే సీలెంటంతా పిండుకుపోతుంది కాబట్టి చేతికి అందినంత, ఆపైన ఒక్క పట్టు.

"ఇసకకి తగలదా బావా?" అన్నాడు బంగారయ్య.

మంచి ప్రశ్న. ఈ ఒడ్డున జెట్టీ లేదు, హార్బరు లేదు. బోటును పచ్చి కొబ్బరిమట్టల మీద జార్చుకుంటూ సముద్రంలోకి తోస్తారు, మళ్లీ అలాగే ఒడ్డుకు లాగుతారు. అడుగున పొడుచుకొచ్చిన వస్తువు నాలుగు రోజులు నిలవదు. ఈ దిమ్మ నమూనా గీసినవాడు ఎక్కడో హార్బరున్న ఊరివాడై ఉంటాడు. ఉమామహేష్‌కు అది ముందే తట్టింది, నోరు మూసుకున్నాడు. మట్టలు రెండు వరసలుగా పరిచి మధ్యలో కాలువలా ఇసుక తీస్తే తగలదని మాత్రం చెప్పాడు.

బంగారయ్య అతని చేయి పట్టుకుని బోటు ముక్కు మీద పెట్టించాడు.

"అయిదుగురం ఎల్తాం. నా తమ్ముడు, ఆడి కొడుకు, ఇంకిద్దరు. నీల్లు రావని ఒట్టెయ్యి."

"రావు బావా. సుక్క నీరు రాదు. ఒట్టు."

ఈ ఉద్యోగంలో అతను చాలా ఒట్లు వేశాడు. అన్నం పెట్టిన ఇంటివాళ్లకు వేయడం ఇదే మొదలు.

వేటకు దిగే ముందురోజు సాయంత్రం అశ్విని సుమ్మాదేవి స్టేషన్‌కు రమ్మంది. ప్లాట్‌ఫాం మీద వాళ్లిద్దరూ, ఒక మేకా తప్ప ఎవరూ లేరు. ఆమె కళ్లద్దాలు తీయలేదు. బద్ద కావాలా అని కోడ్ అడగలేదు. నేరుగా విషయానికి వచ్చింది.

"అందులో చార్జ్ ఉంది. పేలుడు పదార్థం. రికార్డయినది ట్రాలర్‌కు అందగానే పేలుతుంది. బోటు మునిగిపోతుంది, సాక్ష్యం ఉండదు. చేపలవాళ్లు పోయారంటే గాలివాన అనుకుంటారు. ఆ మెకానిక్ చూసింది అదే."

"ఇప్పుడా చెప్పేది?"

"నాకు నిన్ననే తెలిసింది. ఇంకో సంగతి. బోటు నుంచి ఊడిపోయాక దానికి తడి తగిలితే అక్కడికక్కడే పేలుతుంది. డైవర్లు తీయకుండా పెట్టిన ఏర్పాటు."

ఆమె చెప్పింది నిజమా, నటనా? అతనికి తెలియలేదు. మిషన్ చెడగొట్టాలనుకుంటే పక్కింటాయన చెప్పించే మాట కూడా సరిగ్గా ఇదే. గూడ్సు బండి దడదడలాడుతూ పోయింది. అది పోయేసరికి ఆమె లేదు, మేక ఉంది.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. మన్మథరావు అలాంటి ఇన్‌ఫర్మేషన్ తమ దగ్గర లేదన్నాడు. అశ్విని మాట పట్టుకుని ఆపరేషన్ ఆపితే రేపు ఇంకో ఊళ్లో ఇంకో బోటుకు బిగిస్తారన్నాడు. పడవ మునిగినా దగ్గర్లో నేవీ ఉంటుందన్నాడు.

"సార్, పొట్ట కింద పేలితే తీయడానికి మనుషులుండరు."

"ఆర్డర్ అదే మహేష్. బోటు కదలాలి."

ఫోన్ పెట్టేశాక అతనికి నిజంగా ఏడుపొచ్చింది. బంగారయ్యతో చెప్పేస్తే? ఊరంతా గోల, ధనుంజయ్ మాయం, ముఠా ఇంకో తీరానికి. తనే వెళ్లి విప్పేద్దామంటే బోటు పక్కన వాళ్ల మనుషులు మంచాలు వేసుకుని పడుకున్నారు. చెప్పకపోతే అయిదుగురు. అశ్విని మాట అబద్ధమై, అది నమ్మి తను ఆపేస్తే, సబ్‌మెరైన్ మొత్తం. ఎటు తిప్పినా ఎవరో ఒకరి ఇంట్లో దీపం ఆరేదే. నిద్ర పట్టలేదు. పట్టినట్టు నటించడం కూడా చేతకాలేదు.

తెల్లవారింది. ఊరు ఊరంతా ఒడ్డున ఉంది. బోట్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయలు కొడుతున్నారు. ఫౌండేషన్ టెంటు కింద ధనుంజయ్, అశ్విని కూర్చున్నారు. ఫొటోగ్రాఫర్లూ, టెంటుహౌస్ కుర్రాళ్లూ తిరుగుతున్నారు.

ఆ తీరంలో ఒక పట్టింపు ఉంది. నిషేధం ఎత్తేశాక మొదటిసారి కదిలిన బోటు నీళ్లను తాకేదాకా ఆగకూడదు. మధ్యలో ఆగిందా, గంగమ్మ వద్దందన్నమాట. ఆ రోజుకు ఆ బోటు మీద ఎవరూ కాలు పెట్టరు, కలెక్టరు వచ్చి చెప్పినా పెట్టరు. అందుకే పదిచేతులు ఎక్కువే వేసి, ఒక్క ఊపున తోసేస్తారు. చిన్నప్పుడు ఉమామహేష్ ఒకసారి మధ్యలో కాలుజారి పడి, అందరిచేతా తిట్లు తిన్నాడు. తెల్లవారుజామున ఆ తిట్లే గుర్తొచ్చాయి.

ఆగాలి. నీళ్ల దగ్గర కాదు, పొడి ఇసుకలో. ప్రమాదంలా ఉండాలి. ధనుంజయ్ చూస్తుండగా జరగాలి. అప్పుడు తెలుస్తుంది, అశ్విని చెప్పింది నిజమో కాదో.

మెకానిక్ కదా, మట్టల వరసలు చూసే పని అతనిదే. కుడి వరస పక్కన నిలబడ్డాడు. బంగారయ్య కేక పెట్టాడు, యాభైమంది ఒక్కసారి భుజాలు ఆనించారు. బోటు కదిలింది. పచ్చిమట్టల మీద సర్రున జారింది. కింద తవ్విన కాలువలో కంచు బిళ్ల ఇసుకను అంటీ అంటకుండా పోతోంది. అలలు దగ్గరపడుతున్నాయి. బొడ్డమ్మ నడుస్తూనే బోటు పక్కకు పసుపునీళ్లు చల్లుతోంది.

ఉమామహేష్ వంగి, ముందున్న రెండు మట్టలు పట్టుకుని తన వైపు లాగేశాడు.

బోటు కుడిపక్కకు ఒరిగింది. దిమ్మ కాలువ గోడలోకి దిగబడింది. యాభైమంది బలం వెనక నుంచి తోస్తోంది. ఫటేల్మని ఫైబరు విరిగిన చప్పుడయింది, ట్రాన్స్‌డ్యూసర్ నట్టుతో సహా ఊడి, కేబులు తెంపుకుని ఇసుకలో పొర్లింది. బోటు ఇంకో బారెడు జారి ఆగిపోయింది.

తోస్తున్నవాళ్లందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. బోటు ఆగింది.

సరిగ్గా అప్పుడే పెద్ద అల ఒకటి విరిగి, నురుగు పాక్కుంటూ పైకి వచ్చింది. ఇంతసేపూ రానంత దూరం వస్తోంది. ఊళ్లోవాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు, అల ఒడ్డుకొస్తే భయపడేదెవరు? పట్టించుకున్నది ఒక్కడే. ధనుంజయ్ ఆ బిళ్లను చూశాడు, అలను చూశాడు, కుర్చీ తన్నేసి వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. చెప్పొకటి ఊడిపోయినా ఆగలేదు. ఫోన్లు రెండూ ఇసుకలో పడ్డాయి.

అంటే నిజం.

ఉమామహేష్ దూకాడు. నురుగు వేళ్లకు తగిలే లోపల బిళ్లను ఎత్తి, పొట్టకు కాదు, నెత్తికి పైగా పట్టుకున్నాడు. అల మోకాళ్లను కొట్టింది, తొడలను కొట్టింది. తూలాడు, పడలేదు. చెయ్యెత్తి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. తుంపర పడుతుందేమోనని చొక్కా విప్పి చుట్టేంత చేయి ఖాళీ లేదు. ఆ అల వెనక్కి పోయేదాకా అతనికి తెలిసిన దేవుళ్లందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

అల పోయింది. బిళ్ల పొడిగా ఉంది.

టెంటు దగ్గర అశ్విని కూర్చున్న చోటు నుంచి లేవకుండానే కాలు చాపింది. ధనుంజయ్ బొక్కబోర్లా పడ్డాడు. టెంటుహౌస్ కుర్రాళ్లు నలుగురు అతన్ని లేవదీశారు, మిగతావాళ్లు అతని మనుషుల్ని చుట్టుముట్టారు. లేవదీసిన పద్ధతి చూస్తే వాళ్లు టెంటుహౌస్ వాళ్లు కారని, డిపార్ట్‌మెంటు మనుషులని తెలుస్తూనే ఉంది. ఆమె మొదటిసారి కళ్లద్దాలు తీసి ఉమామహేష్ వైపు చూసింది. కళ్లు ఏడ్చి ఎర్రగా ఉన్నాయి.

సరుగుడు తోట వెనక బాంబ్ స్క్వాడ్ ఆ బిళ్లలోంచి చార్జ్ తీసేసింది. చేపలవాళ్ల వేషంలో కోస్ట్‌గార్డ్ మనుషులు దాన్ని తమ బోటుకు కట్టుకుని సముద్రంలోకి వెళ్లి, పాతకాలపు ఓడ ఇంజను చప్పుడు రికార్డు చేసి పంపారు. అది అందుకోవడానికి పక్కింటాయన ట్రాలర్ ఆశగా మన జలాల్లోకి వచ్చింది. మళ్లీ వెళ్లలేదు.

మన్మథరావు ఫోన్ చేశాడు. "ఆర్డర్ మీరావు."

"అవును సార్."

"రిపోర్టులో ఆర్డర్ మీరింది ఇసుకేనని రాస్తాను. నువ్వు చెప్పినరోజే వినాల్సింది."

ఇవేవీ బంగారయ్యకు తెలియవు. తెలియకూడదు కూడా. అతనికి తెలిసిందల్లా, వేట మొదటిరోజు అందరి బోట్లూ వెళ్లాయి, తన బోటు ఒడ్డున కడుపు చీలి పడి ఉంది. తమ్ముడు మాట్లాడడం మానేశాడు. ఊళ్లో నలుగురూ మెకానిక్‌ను ఏయే మాటలనాలో అన్నీ అన్నారు. ఉమామహేష్ తల వంచుకుని విన్నాడు. బతికున్న గొంతులు తిడుతుంటే వినడానికి అంత చెడ్డగా ఏమీ లేదు.

బాగుచేయకుండా వెళ్లనన్నాడు. బొడ్డమ్మ కొంగు ముడి విప్పి, పసుపు రాసిన ఆ గుండ్రటి ఫైబర్ బిళ్లను అతని చేతిలో పెట్టింది. దాన్ని బొక్కలో కూర్చోబెట్టి, లోపలా బయటా ఫైబర్ గుడ్డ పొరలు పరిచి, రెజిన్ జిగురు పోసి, ఆరాక నున్నగా రుద్దాడు. ఎక్కడ బొక్క ఉండేదో అతనికే తెలియనంత బాగా కుదిరింది. తన జీవితంలో నిజాయితీగా చేసిన బోటు పని అదొక్కటే.

బంగారయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు. చాలాసేపు అతుకు తడుముతూ కూర్చున్నాడు. కోపం పోలేదు, కానీ గొంతు మెత్తబడింది.

"ఒట్టేసినావు గదా బావా."

"ఏసినాను బావా. లోపలికి సూడు. సుక్క నీరొచ్చిందేటి?"

బంగారయ్య నిజంగానే వంగి చూశాడు. ఉమామహేష్ ఒట్టు తప్పలేదు. ఆ బొక్కలోంచి బోటులోకి చుక్క నీరు రాలేదు, వచ్చిందంతా ఇసుకే.